బ్రేక్ వ్యాన్ మూడో మెట్టు

గూడ్సు రైలు చివర ఉండే బ్రేక్ వ్యాన్‌కి నేను చేసిన చిన్న నమూనాలో ఒక పక్కన మూడో మెట్టు ఉంది. దాన్ని చూసి చాలామంది నన్ను మెచ్చుకున్నారు. ఈ మెట్టు సంగతి మీకెలా తెలిసిందని అడిగినవాళ్లకి "పాత ఫోటోలు తవ్వితే దొరికింది" అని చెప్పాను. ఫోటో నిజంగానే దొరికింది. కానీ అది దొరకడానికి నాలుగు నెలల ముందే ఒక రిటైర్డ్ గూడ్స్ గార్డు ఆ మెట్టుని తన చేతులతో చేసి తీసుకొచ్చి నా ముందు పెట్టాడని, నేను అందరి ముందు ఆయన్ని ఎగతాళి చేసి పంపేశానని ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది అదే.

ముందు మా గుంపు గురించి చెప్పాలి. నా పొగరు పెరిగింది అక్కడే.

ఎల్బీనగర్‌లో టైల్స్ షాపు ఉన్న ఒకాయన ఇంటి మూడో అంతస్తులో ఒక పెద్ద గది. అందులో ఈ గోడ నుంచి ఆ గోడకి ప్లైవుడ్ బల్లలు. వాటి మీద పట్టాలు, ఒక చిన్న స్టేషను, సిమెంటు గోదాం, రంపపు పొట్టుకి రంగు వేసి చల్లిన గడ్డి. తొంభైల మొదట్లో నల్లగొండ లైన్లో ఒక చిన్న స్టేషను ఎలా ఉండేదో అలా, అసలు దానిలో ఎనభై ఏడో వంతు కొలతకి కట్టింది. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి అక్కడ ఏడుగురం చేరేవాళ్లం. ఇంటాయన టైల్స్ అమ్ముతాడు. ఒకతను సాఫ్ట్‌వేర్, చక్రాలు కూడా జర్మనీ నుంచి తెప్పించుకునేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాను. మిగతా నలుగురి గురించి చెప్పడానికి ఏమీ లేదు. నేను నవ్వితే వాళ్లు నవ్వేవాళ్లు.

బయటివాళ్లకి ఇది బొమ్మరైలు ఆట. ఆ మాట వింటే మాకు ఒళ్లు మండేది. మా ఆవిడ కావాలనే ఆ మాట వాడేది. నేను మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కడానికి టిఫిన్ క్యారేజీ నిండా దూదిలో చుట్టిన బండ్లు పెట్టుకుని బయల్దేరుతుంటే, "ఏవండీ, ఆ బొమ్మరైలుకి ఆలస్యమైతే సిగ్నల్ ఇవ్వరేమో, త్వరగా వెళ్లండి" అనేది.

మాది ఆట కాదు, ఎంపిక. ఇంజను ఎవడైనా కొంటాడు. దాని వెనక ఏ బండ్లు కట్టాలో తెలియడమే విద్య అని మా నమ్మకం. దుకాణంలో అట్టపెట్టె మీద "ఇండియన్ వ్యాగన్" అని రాసి అమ్మేదాన్ని తెచ్చి పట్టాల మీద పెట్టేవాణ్ని మేం మనిషిగా లెక్కపెట్టేవాళ్లం కాదు. సిమెంటు మోసే మూతబండి తీసుకోండి. ముందు కప్పు వంపు చూడాలి. అమెరికా పెట్టెబండికి కప్పు దాదాపు చదును, తలుపు పక్కకి జరుగుతుంది. మనదానికి కప్పు గుండ్రం, తలుపులు బీరువా తలుపుల్లా బయటికి తెరుచుకుంటాయి. తరువాత పక్కగోడ మీద నిలువు పట్టీలు లెక్కపెట్టాలి. చక్రాల మధ్య దూరం కొలవాలి. ఆ రకం బండి మేం అనుకున్న ఏట, ఆ లైన్లో తిరిగిందా లేదా చూడాలి. అన్నీ సరిపోయాక కూడా, బండి మీద తెల్ల అక్షరాల్లో ఉన్న మరమ్మతు తేదీ మా కాలానికి రెండేళ్ల తరువాతిదైతే, ఆ బండి ఇంకా పుట్టలేదన్నమాట. అలాంటిదాన్ని ఒకసారి నేను పట్టుకున్నాను. తెచ్చినతను మరుసటి ఆదివారం నుంచి రాలేదు. ఆ వారమంతా నాకు అన్నం రుచిగా ఉంది.

ఈ పట్టుకోవడానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. దాన్ని పరీక్ష అనేవాళ్లం. కొత్త బండిని గాజుపలక మీద పెడతాం. పలక కింద డ్రాయింగ్, పక్కన అసలు బండి ఫోటో. నేను వెర్నియర్‌తో కొలిచి, తప్పులు ఎర్ర పెన్నుతో కాగితం మీద వరసగా రాస్తాను. పిల్లల పేపర్లు దిద్దే చెయ్యి కదా, ఆ పని నాకే ఇచ్చారు. నెగ్గితే బండి పట్టాల మీదికి, తప్పితే ఒక చెప్పుల పెట్టెలోకి. ఆ పెట్టె మీద "యార్డు" అని రాసి ఉండేది. గోడ మీద స్కెచ్ పెన్నుతో ఇంకో మాట: "ఫోటో లేకపోతే బండి లేదు." అదీ నేను రాసిందే.

ఆ గదిలోకి గార్డు గారిని తీసుకొచ్చింది టైల్స్ ఆయన. ఇద్దరిదీ నల్లగొండ వైపు పల్లె.

"షాపుల టైల్స్ కొననీకి ఒచ్చిండు సార్," అన్నాడు టైల్స్ ఆయన. "తుర్కయంజాల్ల ఇల్లు కట్టుకుంటుండు. గూడ్స్ గార్డు చేసి రిటైరైండు, గీ లైన్లనే. మన ముచ్చట చెప్తే చూస్తా అన్నడు. తోల్కొచ్చిన."

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. మూడంతస్తులు ఎక్కి వచ్చేసరికి చెమట పట్టింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కడం నేను పైనుంచి చూశాను. బల్లల చుట్టూ ఒక్క మాట లేకుండా పది నిమిషాలు తిరిగాడు. మెచ్చుకోలు కోసం మేం ఎదురుచూస్తున్నాం. ఆయన వంగి, పట్టాలకి కన్ను ఆనించి చూశాడు.

"మంచిగున్నది సారూ. గని పట్టాలు జర దగ్గర్దగ్గర ఏసిన్రు గద?"

అది నిజం. మన పెద్దలైను వెడల్పుని ఎనభై ఏడో వంతుకి కుదిస్తే పట్టాల మధ్య పంతొమ్మిది మిల్లీమీటర్లకి పైన రావాలి. బజార్లో దొరికే పట్టాలు పదహారున్నర. అది విదేశీ రైళ్ల వెడల్పు. మా బండ్లన్నీ ఆ ఇరుకు పట్టాల మీదే తిరిగేవి. పక్కగోడ పట్టీ ఒక్కటి తక్కువైతే బండిని చెప్పుల పెట్టెలో పారేసే మేం, కింద రైలు మార్గం మొత్తం తప్పని ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. అది మా ఇంటి గుట్టు లాంటిది. దాన్ని ఈయన వచ్చిన పదో నిమిషంలో, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ బయటపెట్టాడు.

"ప్రపంచమంతా అలాగే చేస్తారండీ," అన్నాను.

"ఔనా," అన్నాడు. "నాకెర్క లేదు."

ఆ రోజే నాకు ఆయన మీద కోపం పుట్టింది. అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోలేదు. ఆయన యాస మీదికి, తువ్వాలు మీదికి, టీ సాసర్లో పోసుకుని తాగడం మీదికి దాన్ని తోసేశాను. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. అయినా ఆ యాసలో ఎవరైనా నాకు తెలియనిది చెప్తే వినే అలవాటు నాకు లేదు. ఇది గొప్ప సంగతి కాదు, అయినా రాయాలి.

ఒక నెల పోయాక ఆయన తువ్వాల్లో చుట్టి ఒక బ్రేక్ వ్యాన్ తెచ్చాడు. గూడ్సు బండికి చిట్టచివర గార్డు కూర్చునే పెట్టె అది. నాలుగు చక్రాలు, రెండు చివర్లా చిన్న వరండాలు. ఇంట్లో కూర్చుని సొంతంగా చేశాడు. పల్చని ప్లైవుడ్ గోడలు, నూనె డబ్బా రేకుతో కప్పు, బైండింగ్ వైరుతో వరండా కటకటాలు, కిటికీలకి కడిగిన ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు.

"డ్రాయింగ్ ఎక్కడ దొరికింది?" అన్నాను.

"డ్రాయింగు ఏంది సారూ. ముప్పై ఏండ్లు గండ్లనే ఉన్న. కిటికీ నా ఛాతీ కాడికి ఒస్తది. కప్పు నా నెత్తికి జానెడు మీద. వరండా రెండు అడుగులేస్తే అయిపోతది. గా లెక్కన కొలుచుకున్న."

వెర్నియర్ పెట్టాను. మొత్తం పొడవులో తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఆ మాట పైకి అనలేదు. తప్పులు రాయడం మొదలుపెట్టాను. చక్రాలు పెద్దవి. రంగు మరీ ఎరుపు. దీపం కొక్కెం కిందికి ఉంది. అక్షరాలు లావు. ఇలా తొమ్మిది. అవన్నీ నిజమైన తప్పులే, ఈ రోజుకీ అంటాను. పదోది: ఒక చివర, ఒక పక్కన, వరండా కింద రెండు మెట్లు ఉండాల్సిన చోట మూడున్నాయి.

ఆయన కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నబుచ్చుకోలేదు. "ఒస్త సారూ" అని వెళ్లాడు. ఇక రాడనుకున్నాను. రాకపోవడమే మా పరీక్ష అసలు ప్రయోజనం.

మూడు ఆదివారాల తరువాత వచ్చాడు.

"తొమ్మిది సదిరిన సారూ. చూడున్రి."

చూశాను. చక్రాలు మార్చాడు. రంగు ఎండకి వెలిసినట్టు వచ్చింది. ఎలా చేశాడని అడగాలనిపించి అడగలేదు. అక్షరాలు సన్నబడ్డాయి. దీపం కొక్కెం సరిగ్గా డ్రాయింగ్‌లో ఉన్న చోట ఉంది. ఒక్క ఎర్ర గీత కూడా వృథా పోలేదు. నా విద్యార్థుల్లో అలా దిద్దుకున్నవాళ్లు నాకు గుర్తులేరు.

"మరి పదోది?"

"పదోది తప్పు కాదు."

"డ్రాయింగ్‌లో రెండు మెట్లే ఉన్నాయండీ."

"డ్రాయింగుల రెండే ఉంటయ్. బండికి మూడున్నయ్. గీ చివరకే, గీ పక్కకే. మా షెడ్డుల నాలుగైదు వ్యాన్లకు పెట్టిన్రు."

"ఫోటో ఉందా?"

"డ్యూటీల ఉన్నోనికి ఫోటో ఎవడు తీస్తడు సారూ? గా మెట్టు మీద కాలు పెట్టి దిగిన. నా కాలికి ఎర్కనే."

సాఫ్ట్‌వేర్ అతను ఫోన్ పక్కన పెట్టాడు. "అంకుల్, ఒక సైడు మూడు, ఇంకో సైడు రెండా? రైల్వేలో ఐరన్ అయిపోయిందా?"

"ఔ బిడ్డా. ఇనుపముక్క అయిపోయింది. ఒక్కటే దొరికింది."

అందరూ నవ్వారు. నాకు ఇంకా పెద్ద నవ్వు కావాలనిపించింది. ఆయన మెట్లెక్కే తీరు గుర్తొచ్చింది.

"అయితే పెద్దాయనా, మీ మోకాలి కోసం రైల్వే వాళ్లు స్పెషల్‌గా మెట్టు పెట్టించారంటారా?"

ఆయన నా వైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు: "ఔ సారూ. నా మోకాలి కోసమే పెట్టిన్రు."

ఆ నవ్వు అంతా ఇంతా కాదు. ఒకడు బల్ల పట్టుకుని వంగిపోయాడు. నేను కళ్లు తుడుచుకున్నాను. కళ్లు తుడుచుకుంటూనే బ్రేక్ వ్యాన్ తీసి చెప్పుల పెట్టెలో పెట్టి, "రూల్ రూలేనండీ" అన్నాను. ఆయన పెట్టె దగ్గరికి వెళ్లి తన బండి తీసుకున్నాడు. కప్పు మీద పడిన దుమ్ము తువ్వాలుతో తుడిచి, అందులోనే చుట్టుకుని బయటికి నడిచాడు. మూడంతస్తులు ఆయన దిగేదాకా ఆ చప్పుడు వినిపించింది: ఒక కాలు, ఇంకో కాలు, కాస్త ఆగడం. ఆ చప్పుడుకి కూడా ఎవరో నవ్వారు. ఎవరో అని రాశాను. నేనే.

టీ పోస్తూ టైల్స్ ఆయన నా పక్కకి వచ్చాడు. "జర ఎక్కువైంది సార్."

"ప్రమాణాలంటూ ఉండాలి కదండీ," అన్నాను. ఆ మాట ఎంత బరువుగా అన్నానో గుర్తుంది. ఇరుకు పట్టాల పక్కన నిలబడి అన్నాను.

నాలుగు నెలల తరువాత ఖమ్మంలో ఉండే పాత ఫోటోల పిచ్చాయన ఒకరు నాకు ఒక కవరు పంపాడు. నల్లగొండ లైన్లో గూడ్సు బండ్లవి పాతిక ఫోటోలు. ఒకదానిలో సిమెంటు బండి ఒక కట్ట మీద ఆగి ఉంది. చివర బ్రేక్ వ్యాన్. భూతద్దం పెట్టాను. ఒక చివర, ఒక పక్కన, మూడు మెట్లు. మూడోది మిగతా రెండిటి రంగులో లేదు, ఉత్త ఇనుపపట్టీ. వెల్డింగ్ వంకరగా ఉంది.

ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. చిరాకు. ఆ బ్రేక్ వ్యాన్ డ్రాయింగ్ నేను గీసిందే. వేరే ఊళ్లలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు కూడా దాన్నే వాడుతున్నారు. అది తప్పని తేలిపోయింది. తేల్చింది నూనె డబ్బా రేకు.

రెండు రోజులు ఆలోచించాను. ఫోన్ చేసి ఆయనకి చెప్పాలా అని కాదు, డ్రాయింగ్ ఎలా మార్చాలా అని. మూడో రోజు నా సొంత బ్రేక్ వ్యాన్ తీసి, ఇత్తడి పట్టీ కత్తిరించి, మూడో మెట్టు అతికించాను. ఫోటోలో ఉన్నట్టే వంకరగా అతికించాను. దొంగతనం కూడా కొలత ప్రకారం చేశాను.

ఆదివారం ఫోటో, కొత్త డ్రాయింగ్, బండి మూడూ బల్ల మీద పరిచాను. అందరూ ఫోటో మీద వంగారు. టైల్స్ ఆయన తల ఎత్తాడు.

"అరె, గా పెద్దమనిషి చెప్పింది గిదే గద సార్?"

"ఆయన చెప్పింది ఇంకో పక్కండీ," అన్నాను. "గుర్తులేదా? అటు పక్క అన్నాడు."

ఒక్క క్షణం ఆగలేదు నేను. ఆ అబద్ధం అంత సులువుగా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. మిగతా నలుగురూ తలలూపారు. నేను చెప్తే వాళ్లకి గుర్తొస్తుంది. టైల్స్ ఆయన "అట్లనా" అని టీ కప్పులు తీసుకుని కిందికి వెళ్లాడు.

ఆ తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా గుంపు రెండు రోజులు ప్రదర్శన పెట్టింది. బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, ఈ విద్యలో అందరూ గౌరవించేవాడు. మా బండ్ల వరస పక్కన నడుస్తూ వెళ్లి, నా బ్రేక్ వ్యాన్ దగ్గర ఆగి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. "ఈ మెట్టు! ఇది ఏ డ్రాయింగ్‌లోనూ లేదే. ఎలా పట్టుకున్నారు?" అన్నాడు. నేను నా పాత ఫోటోల జవాబు చెప్పాను.

చెప్పి తల తిప్పేసరికి గార్డు గారు బల్లకి అవతల నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. టైల్స్ ఆయన పిలిచాడని తరువాత తెలిసింది. కళ్లజోడు పెట్టుకుని నా బండిని చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"కరెక్టు పెట్టిన్రు సారూ," అన్నాడు. "వెల్డింగు వంకర సుత పెట్టిన్రు."

బొంబాయి ఆయన నన్ను అడిగాడు: "వీరెవరు?"

ఒక్క వాక్యం చాలు. ఈ మెట్టు చెప్పింది వీరే. ఐదు మాటలు కూడా లేవు. "తెలిసినాయన. పాత రైల్వే," అన్నాను. గార్డు గారు ఇంకాసేపు నిలబడ్డాడు, నాకు టైమిస్తున్నట్టు. తరువాత గేటు వైపు నడిచాడు. నేను బొంబాయి ఆయనకి మూతబండి కప్పు వంపు చూపిస్తూ ఉండిపోయాను.

ఆరేళ్లు. ఈ లోపు మా గుంపులో దానికి "సార్ మెట్టు" అని పేరు పడింది. కొత్తగా వచ్చినవాళ్లకి కథలా చెప్పేవాళ్లు. "మన సార్ ఒక ఫోటోలో పట్టేసిండు, ఎవనికీ తెల్వదు" అని. ఆ మాట విన్న ప్రతిసారీ నేను అణకువగా నవ్వేవాణ్ని. ఆ అణకువని తలుచుకుంటే, ఎగతాళి చేసిన రోజు కంటే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

పోయినేడు గుంటూరులో పెళ్లికి వెళ్లి ఒక్కణ్నే నల్లగొండ మీదుగా తిరిగొస్తున్నాను. రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగిపోయింది. గంట దాటింది. పెట్టెలో ఉక్క. జనం ఒక్కొక్కరే కిందికి దిగుతున్నారు. నేనూ తలుపు దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఏడాదిగా నాకు కుడి మోకాలు నొప్పి. కడ్డీ పట్టుకుని ఒక మెట్టు దిగాను, రెండోది దిగాను, ఇంకో కాలు కిందికి చాపాను. అక్కడ ఏమీ లేదు. రైలు కట్ట మీద ఆగింది. కంకర వాలుగా జారిపోయి నేల ఎక్కడో కింద ఉంది. కాలు గాలిలో వెతుకుతోంది. పైకి లాక్కుందామంటే మోకాలు ఒప్పుకోలేదు.

"దుంకు అంకుల్, ఏంగాదు," అన్నాడు కింద నిలబడ్డ ఒకతను, సిగరెట్ ముట్టించుకుంటూ.

దూకలేకపోయాను. చివరికి అతనే సిగరెట్ పారేసి, ఇంకో మనిషిని పిలిచి, ఇద్దరూ నన్ను చంకల కింద పట్టుకుని మూటలా దించారు. కంకరలో నిలబడి వెనక్కి తిరిగి చూశాను. ఆఖరి మెట్టు నా నడుము దగ్గర ఉంది. డ్రాయింగ్‌లో ఎత్తులన్నీ పట్టా పైనుంచి కొలుస్తారు. నేల ఎక్కడుందో డ్రాయింగ్‌లో ఉండదు. ఇరవై ఏళ్లు వెర్నియర్ పట్టుకున్నవాణ్ని, బ్రేక్ వ్యాన్ నుంచి మనిషి దిగాల్సి ఉంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మెట్లు లెక్కపెట్టాను, అంతే.

ఇంటికొచ్చి మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ చివరిదాకా వింది.

"ఆరేళ్లు ఇది కడుపులో పెట్టుకుని అన్నం ఎలా తిన్నారండీ?"

"ఆయన దగ్గరికి వెళ్లి చెప్పేస్తాను."

"ముందు ఆ బొమ్మరైలు వాళ్లకి చెప్పండి. వాళ్ల ముందే కదా నవ్వారు? ఆయన దగ్గరికి ముందు వెళ్తే అక్కడితో సరిపెట్టేస్తారు మీరు. మీ సంగతి నాకు తెలీదా?"

ఆదివారం చెప్పాను. ఫోటో ముందు వచ్చిందా, మనిషి ముందు వచ్చాడా, ఏ పక్క అన్నాడు, నేను ఏమని అబద్ధమాడాను, అన్నీ. సాఫ్ట్‌వేర్ అతను భుజాలెగరేశాడు. "ఇంత చిన్నదానికి ఎందుకు సార్ ఫీలవుతారు? ఒక మెట్టే కదా." నలుగురూ అవునవునన్నారు. ఒక మెట్టు ఎక్కువైందని మనిషిని వెళ్లగొట్టిన గది అది. నన్ను క్షమించడానికి వాళ్లకి అర నిమిషం పట్టలేదు. ఆ క్షమ నాకు చేదుగా అనిపించింది.

టైల్స్ ఆయన మాత్రం నవ్వలేదు. "నాకు ఆనాడే ఎర్క సార్. మీరే చెప్తరని చూసిన. చూసి చూసి యాష్టకొచ్చింది." అని తుర్కయంజాల్ ఇంటి గుర్తులు చెప్పాడు. వెళ్లబోయే ముందు నేను గోడ మీద నా రాత చెరిపేశాను. స్కెచ్ పెన్ను పూర్తిగా పోలేదు. ఇంకా కనిపిస్తుంది.

మరునాడు క్లాసు మానేసి సాగర్ రోడ్డు మీద స్కూటర్ వేసుకుని వెళ్లాను. చిన్న ఇల్లు, ముందు జామచెట్టు. గేటు నుంచి వరండాకి ఆరు మెట్లున్నాయి. అలాంటి ఎత్తుకి ఎవరైనా మూడు కడతారు. ఒక్కోటి నాలుగు వేళ్ల ఎత్తు, వెడల్పుగా, మా టైల్స్ ఆయన షాపు గరుకు టైల్స్ వేసి ఉన్నాయి. నా మోకాలు కూడా సులువుగా ఎక్కింది.

గార్డు గారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టాడు.

"రాన్రి సారూ. కూసోన్రి." లోపలికి తిరిగి, "నీళ్లు తే," అన్నాడు. ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చి, నన్ను ఒకసారి తేరిపార చూసి, లోపలికి వెళ్లింది. నేనెవరో ఆమెకి తెలుసనిపించింది.

కిటికీలో ఆ బ్రేక్ వ్యాన్ ఉంది. ఎక్స్‌రే ఫిల్ము అద్దాల్లోంచి వెలుతురు వస్తోంది. మూడు మెట్లు.

నేను మొదలుపెట్టాను. "అప్పుడు మా దగ్గరున్న డ్రాయింగ్‌లో రెండే ఉన్నాయండీ. రైల్వే డ్రాయింగ్ చూసి నేను గీసింది. ఫోటో లేకుండా ఒప్పుకోకూడదని మాకొక పద్ధతి..."

ఆయన చెయ్యి ఎత్తాడు. సిగ్నల్ చూపించినట్టు, అరచెయ్యి నా వైపు.

"నేను చెప్త, ఇనున్రి. వానపడ్డ దినం. కట్ట మీద బండి ఆగింది. పెట్టె ఒక చేతుల, జెండాలు ఒక చేతుల. రెండో మెట్టు కాడికెల్లి కాలు జారింది. మోకాలు చిప్ప పగిలింది. మూడు నెలలు దవాఖానల ఉన్న. డ్యూటీకి తిరిగొస్తే షెడ్డుల వెల్డింగు చేసెటోడు, మా దోస్తు, ఇనుపముక్క ఒకటి దొరకబట్టి అతికిండు. ఎవ్వని పర్మిషన్ లేదు. తర్వాత ఇంకో నాలుగింటికి. గంతే కథ. అందుకే ఏ కాగితంల లేదు." కిటికీలో బండి వైపు చూశాడు. "వాడు పోయిండు. వాని చేతిపని ఏడనన్న ఉంటదని చేసిన గా బొమ్మ. మీ పట్టాల మీద తిరుగుతదనుకున్న."

మళ్లీ డ్రాయింగ్ అనబోయాను.

"గదంత ఒద్దు సారూ," అన్నాడు. అంతకుముందు నాతో ఎప్పుడూ మీరు అనే మాట్లాడిన మనిషి, ఇప్పుడు నువ్వులోకి దిగాడు. "నువ్వు పేపర్లు దిద్దెటోనివి గద. తప్పు ఏందో గది జెప్పు. వరసగ జెప్పు."

లేచి నిలబడ్డాను. ఆయన మోకాలి వైపు కాకుండా మొహం వైపు చూడటానికి కష్టపడ్డాను.

"మూడో మెట్టు ఉందని మీరు చెప్పారు. ఉంది. నేను లేదన్నాను. ఫోటో చూశాక కూడా మీరు చెప్పారని ఎవరికీ చెప్పలేదు. మీరు ఇంకో పక్క అన్నారని అబద్ధమాడాను. ఆ మెట్టుని నా బండికి పెట్టుకుని నాదన్నాను. ప్రదర్శనలో మీరు నా ఎదురుగా నిలబడితే తెలిసినాయన అన్నాను. మీ మోకాలి మీద జోకు వేసింది నేను. మీరు మెట్లు దిగుతుంటే పైనుంచి నవ్వింది నేనే. తప్పు నాది. నన్ను క్షమించండి."